అమ్మ పాము వాచీ, మట్టెవాడ సందులో ఇద్దరు పనివాళ్లు

మా అమ్మ పాము వాచీ పదిహేడేళ్ల తర్వాత మళ్లీ నడుస్తోంది. వరంగల్ మట్టెవాడలో బోర్డు కూడా లేని ఒక చిన్న దుకాణంలో బాగు చేయించాను. ఇలాంటి పాత వాచీనో, నాగు పడగ ఉన్న పాత నగనో ఇంట్లో పెట్టుకుని ఏం చేయాలో తోచక ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగినదంతా రాస్తున్నాను. బాగున్నది బాగుందని, బాగాలేనిది బాగాలేదని రాస్తాను.

ముందు ఆ వాచీ గురించి చెప్పాలి. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న 1981 నుంచి 1993 దాకా దుబాయిలో వెల్డర్‌గా పనిచేశాడు. అప్పట్లో మా వాడకట్టులో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు గల్ఫ్‌లో ఉండేవారు. సెలవు మీద వచ్చినప్పుడు టేప్ రికార్డరు, దుప్పట్లు, సెంటు సీసాలు తెచ్చేవారు. 1986లో నాన్న అమ్మ కోసం విడిగా ఒక ఎర్ర మఖమల్ డబ్బా తెచ్చాడు. తెరిస్తే లోపల పాము చుట్ట చుట్టుకుని ఉంది. బంగారు రంగు, మణికట్టు మీద రెండు చుట్లు వచ్చే పొడవు, సన్నటి తోక, తల దగ్గర రెండు ఎర్రటి కళ్లు. తల మీద చిన్న మూత ఉంది. గోరుతో ఎత్తితే కింద చిటికెన వేలి గోరంత డయల్, దాని మీద ‘స్విస్ మేడ్, 17 జ్యూయల్స్’ అని చీమ తలకాయంత అక్షరాలు. రోజూ చావి ఇవ్వాల్సిన వాచీ. పట్టీ లోపలి వైపు ‘20 మైక్రాన్లు’ అని ముద్ర ఉంది. అంటే బంగారం కాదు, పూత. నాన్న దాన్ని అక్కడి పాత సామాన్ల దుకాణంలో కొన్నాడట. మా ఇంటికి వచ్చేనాటికే దానికి వయసుంది.

మా వైపు చీకటి పడ్డాక పాము పేరెత్తరు, ‘పురుగు’ అంటారు. అలాంటి ఊళ్లో పామును చేతికి చుట్టుకుంటే ఊరుకుంటారా? పక్కింటి పెద్దమ్మ అననే అంది, ‘గదేందే, పురుగును చేతికి సుట్టుకుంటవా?’ అని. అమ్మ వాచీ తీసి డబ్బాలో పెట్టబోయింది. మా బాపమ్మ ఆపింది. తన దండ చెయ్యి చాపి, ‘నా దండకు లేదా నాగన్న? యాభై ఏండ్ల సంది ఉన్నడు. నాకేమైంది?’ అంది. ఆమె చేతికి నాగవంకీ ఉండేది. ఊరి అవుసలాయన, అంటే కంసాలి, చేసిన బంగారు వంకీ అది, నడుమ పడగ విప్పిన నాగుతో. ఆ తర్వాత మళ్లీ ఎవరూ ఏమీ అనలేదు.

నాన్న 2008లో పోయాడు. ఆ ఏడాదే వాచీ కూడా ఆగిపోయింది. చావి తిరగదు. పట్టీ బిగువు పోయి చేతి మీద నిలవకుండా జారేది. ఒక టౌన్‌లో ఎవరికో ఇస్తే పట్టీ తెగిన చోట సీసం ముద్దలాగా టంకం పెట్టి ఇచ్చాడు. ఆ చోట పాము కర్రలా బిగుసుకుపోయింది. అమ్మ దాన్ని డబ్బాలో పెట్టి మూసేసింది.

ఈ ఏడాది అమ్మ నా దగ్గరికి హన్మకొండ వచ్చింది. వస్తూ వాచీ, బాపమ్మ వంకీ రెండూ తెచ్చింది. ముందు ఒక పెద్ద షోరూంకి పట్టుకెళ్లాం. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. వాచీని మెషీన్‌లో పెట్టి చూసి ‘ఇది గోల్డ్ కాదు మేడం, దీనికేం రాదు’ అన్నాడు. వంకీ తూచాడు. 41 గ్రాముల 200 మిల్లీలు. ‘లోపల లక్క ఉంది, అది పోను కరిగిస్తే ఎంతొస్తుందో చెప్తాం, దానికి కొత్త మోడల్ తీసుకోండి’ అన్నాడు.

ఆ తూకం దగ్గర నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న ఒక చిక్కు విడిపోయింది. బాపమ్మ ఎప్పుడూ ‘మూడున్నర తులాల వంకీ’ అనేది. ఇప్పుడు దుకాణాల్లో తులమంటే పది గ్రాములు. ఆ లెక్కన 35 గ్రాములే రావాలి. పాత తులం 11.66 గ్రాములు. మూడున్నరతో గుణిస్తే నలభై ఒకటికి కాస్త తక్కువ. బాపమ్మ లెక్క లక్కతో సహా సరిపోయింది. అది చేసిన అవుసలాయన మోసం చేయలేదు. ఈ మాట చెప్తే అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత ఒక వాచీల షాపుకి వెళ్లాం. ‘లోపలి మిషన్ తీసేసి బ్యాటరీది వేస్తా, ఆరు వందలు’ అన్నారు. వద్దన్నాను. చావి ఇస్తున్నప్పుడు వేళ్లకు తగిలే ఆ కిరకిర పోయాక అది అమ్మ వాచీ ఎలా అవుతుంది?

ఆ రాత్రి ఇలాంటి వాచీలు ఎక్కడ పుట్టాయో వెతుకుతూ కూర్చున్నాను. ఇటలీలో బుల్గారి అనే నగల కంపెనీ 1948లో మొదటిసారి చేతికి చుట్టుకునే పాము వాచీలు చేసింది. వాటికి సెర్పెంటి అని పేరు. నాన్న తెచ్చింది బుల్గారి కాదు, ఆ నమూనా చూసి ఎవరో చేసినది. కానీ పట్టీ తయారీ పద్ధతి అదే. దాని పేరు చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ట్యూబోగాస్. గ్యాస్ పైపు అని అర్థం. గ్యాస్ పోయే వంగే గొట్టాన్ని చూసి పెట్టిన పేరు. నాన్న పన్నెండేళ్లు రోజూ భుజాన వేసుకుని మోసింది ఆ గొట్టాలనే.

ఆ పట్టీ ఎలా చేస్తారో చెప్తాను, రిపేరు సంగతి అర్థం కావాలంటే ఇది తెలియాలి. బంగారాన్ని సన్నటి పొడవాటి పట్టీలుగా తీస్తారు. వాటి అంచులు పైకి లేచి ఉంటాయి. ఆ పట్టీలను ఒక కడ్డీ చుట్టూ చుడుతూ ఒకదాని అంచు ఇంకొకదాని అంచును పట్టుకునేలా బిగిస్తారు. కడ్డీ చెక్కదైతే లాగేస్తారు, రాగిదైతే యాసిడ్‌లో కరిగిస్తారు. మిగిలేది ఎటైనా వంగే గొట్టం. టంకం అనేది ఎక్కడా ఉండదు. ఒక్క అతుకు కూడా లేకుండా, ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే అది నిలుస్తుంది. జీవితమంతా ఇనుమును అతికించిన మనిషి భార్య కోసం అతుకే లేని వస్తువును ఏరి తెచ్చాడు. తెలిసి తెచ్చాడో తెలియక తెచ్చాడో అడగడానికి ఇప్పుడు ఆయన లేడు. తర్వాత మేమే దానికి టంకం పెట్టించాం.

పాము నగలకు ఇంకా చాలా చరిత్ర ఉంది. 1839లో విక్టోరియా రాణికి ఆల్బర్ట్ ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరం పాము ఆకారంలోదే, పచ్చ పొదిగినది. ఆ తర్వాత అక్కడ పాము ఎడతెగని ప్రేమకు గుర్తుగా బాగా చలామణి అయింది. ఎలిజబెత్ టేలర్ 1962లో రోమ్‌లో క్లియోపాత్రా సినిమా షూటింగ్ రోజుల్లో పెట్టుకున్న సెర్పెంటి వాచీ, ఆమె పోయాక 2011లో న్యూయార్క్ వేలంలో 9,74,500 డాలర్లకు పోయింది. దానికి కూడా పాము తల తెరిస్తేనే టైము కనిపిస్తుంది. ఇవన్నీ చదువుతుంటే సంబరంగానే అనిపించింది గానీ, మన నాగన్న వేరు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు పుష్య అమావాస్యకు నాగోబా జాతర చేస్తారు. మా ఊళ్లో నాగుల పంచమికి పుట్టలో పాలు పోస్తారు. మాకు పాము అంటే కాపలా, మొక్కు. బాపమ్మ చేతి మీద నాగన్న ఉన్నది అందుకే.

మట్టెవాడ దుకాణం గురించి కాలేజీలో మా అటెండర్ చెప్పాడు. మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగాక నడిచే వెళ్లాలి, బండి పట్టదు. మూడడుగుల వెడల్పు గది, అద్దాల బల్ల, దాని వెనక డెబ్బై ఏళ్ల మనిషి, కంటికి భూతద్దం. అందరూ ‘కాకా’ అంటారు, నేనూ అలాగే పిలిచాను. గోడకు ఒకటిన్నర అడుగుల ఖాళీ ఉంది. దాని అవతల ఒక అవుసలాయన కింద కూర్చుని పని చేస్తుంటాడు. ఆయన దగ్గర గ్యాస్ టార్చ్ ఉంది, పాత కుంపటీ ఉంది. శ్రావణాలు, చిన్న దాయి, వెలిగారం డబ్బా చేతికందే దూరంలో ఉన్నాయి. వస్తువులు ఆ ఖాళీలోంచి అటూ ఇటూ పోతుంటాయి.

కాకా వాచీని చేతిలోకి తీసుకుని ముందు డయల్ చూడలేదు. పట్టీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచాడు. ఒక చోట కిర్రుమంది. ‘లోపట బిగువిచ్చే ఉక్కు పట్టీ తెగింది బిడ్డా. చెమటకు తుప్పు పట్టి ఉంటది’ అన్నాడు. తర్వాత ఆ టంకం ముద్ద మీద బొటనవేలు పెట్టి, ‘గిది ఎవరు చేసిన్రు?’ అని అడిగాడు. చెప్పాను. ఇంకేమీ అనకుండా గోడ ఖాళీలోంచి అవతలికి అందించి, ‘వాచీ నాది, పాము నీది’ అన్నాడు.

ఆ అవుసలాయనకు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాను. మెక్సికో సినిమా తార మరియా ఫెలిక్స్ 1968లో కార్టియే కంపెనీతో చేయించుకున్న పాము హారం అది. 2,473 వజ్రాలు, అన్నీ కలిపి 178.21 క్యారెట్లు. కడుపు వైపు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఎనామెల్ ఉంటుంది. వజ్రాల లెక్క చెప్తుంటే ఆయన వినిపించుకోలేదు. ‘వంగుతదా?’ అని ఒక్కటే అడిగాడు. ఒళ్లంతా కీళ్లేనని, నిజం పాములాగే వంగుతుందని చెప్పాను. అప్పుడు ఫోన్ తన చేతిలోకి తీసుకుని బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ‘రామప్పల నాగినిని చూసినవా బిడ్డా? రాయి వంగదు గదా, కానీ ఆమె మీద పాము పాకుతున్నట్టే ఉంటది’ అన్నాడు. రామప్ప అంటే 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి. అక్కడి నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, నేను ఎన్నోసార్లు చూశాను, పిల్లలను టూర్‌కి తీసుకెళ్లాను కూడా. ఆ కళ్లతో మాత్రం చూడలేదు. షోరూంలో తూకం అడిగారు, ఇక్కడ వంపు అడిగారు. వస్తువు ఎవరి చేతిలో పెట్టాలో నాకు అప్పుడే తేలిపోయింది.

ఇక వాళ్లు చేసిన పని. టంకం వేడి చేసి తీస్తే పూత మాడుతుంది. అందుకని అవుసలాయన ఆ ముద్ద ఉన్నంత మేర సన్న రంపంతో కోసి తీసేశాడు. రెండు వైపులా పట్టీ కొసలు కొంచెం విప్పి, అంచులు మళ్లీ ఒకదానిలో ఒకటి తొడిగి చుట్టాడు. దీనికి మూడు రోజులు పట్టిందట. పట్టీ అర అంగుళం తగ్గింది. లోపలి ఉక్కు పట్టీకి కొత్తది బజారులో దొరకలేదు. కాకా తన దగ్గరున్న పాత అలారం టైంపీసు స్ప్రింగు తీసి ఇచ్చాడు. అవుసలాయన దాన్ని సరిపడా వెడల్పుకి అరగదీసి, వేడి తగలకుండా చల్లగానే వంచాడు. నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాలిస్తే దాని బిగువు పోతుందని ప్రతి ఏడూ బోర్డు మీద చెప్తాను. ఆ మనిషి ఒక్క మాట మాట్లాడకుండా అదే చేతులతో చేసి చూపించాడు. పట్టీ మురికిని కుంకుడు రసంలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తీశాడు.

మిషన్ పని కాకాది. నూనె జిగురులా గట్టిపడి పళ్లన్నీ పట్టేశాయి. అంతా విప్పి పెట్రోల్‌లో కడిగి, సూదిమొనతో ఒక్కో చోట చుక్క నూనె పెట్టాడు. చావి కాడ తుప్పు పట్టి ఉంటే మార్చాడు. ఒక కన్ను రాలిపోయి ఉంది, దాని స్థానంలో చిన్న కృత్రిమ కెంపు పెట్టించాడు. వాచీ లోపల చక్రాల ఇరుసులు తిరిగే ‘17 జ్యూయల్స్’ కూడా అలాంటి కెంపులే. ఫ్రాన్స్‌లో వెర్నోయ్ 1902లో ఆ తయారీ పద్ధతిని బయటపెట్టాక అవి చవకగా దొరకడం మొదలైంది. ఇప్పుడు పాము కంటిలో ఉన్నదీ, తల లోపల ఉన్నదీ ఒకే రకం రాయి.

ఖర్చు ఇలా అయింది: మిషన్‌కు 1,800, పట్టీకి 2,200, కంటికి 350. మొత్తం 4,350 రూపాయలు. మొదట ఎంత చెప్పారో అంతే తీసుకున్నారు.

బాగాలేనివి కూడా చెప్పాలి. పది రోజులన్నారు, ఇరవై ఆరు రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఊరికే తిరిగి వచ్చాను. ఫోన్ చేస్తే ఎత్తరు, పని మీద ఉంటే ఎత్తరంతే. బిల్లు లేదు, నోటుబుక్కులో రాసుకుంటారు. విలువైన వస్తువు ఇచ్చేటప్పుడు ఇది నాకు టెన్షన్ పెట్టింది. అందుకే ఇచ్చే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి, తూకం మీ ఎదురుగా వేయించి రాయించుకోండి. వాళ్లు ఏమీ అనుకోరు. కొత్తగా వేసిన చావి బొడిపె పాతదాని కంటే లావుగా, మరీ పచ్చగా ఉంది, తల పక్కన తెలిసిపోతోంది. తొడిగిన చోట వెలుతురులో పెడితే సన్న గీత కనిపిస్తుంది. వాచీ మొదటి వారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడింది. మళ్లీ తీసుకెళ్తే అక్కడికక్కడే సరిచేశాడు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు రోజుకు నిమిషంన్నర తేడా. ఇంత చిన్న మిషన్‌కు అది నాకు అభ్యంతరం కాదు. నీళ్లు మాత్రం తగలకూడదు, చెమట పట్టే పనులప్పుడు తీసేయాలి. ఎండాకాలంలో పెట్టుకోవద్దని కాకా గట్టిగా చెప్పాడు.

ఒకవేళ మీరు పాత పాము వాచీ కొనాలనుకుంటే, డయల్ మీద పేరు కంటే ముందు పట్టీని తల నుంచి తోక దాకా మెల్లగా వంచి చూడండి. ప్రతి చోటా ఒకేలా వంగాలి. ఎక్కడైనా బిర్రుగా అనిపిస్తే అక్కడ టంకం ఉన్నట్టు. కిర్రుమంటే లోపల ఉక్కు తుప్పు పట్టినట్టు. పాత నాగవంకీలు, నాగరాలు కరిగించమని ఎవరన్నా తొందరపడకండి. కొత్త నగకు 22 క్యారెట్ల బంగారమని చెప్పే 916 ముద్ర, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హాల్‌మార్క్ నంబరు హెచ్‌యూఐడీ అడిగి తీసుకోవాల్సిందే. పాత నగకు అవి లేవని దాని పనితనం తక్కువైపోదు.

నాగుల పంచమి నాడు అమ్మ తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసి వాచీకి చావి ఇచ్చింది. రెండు చుట్లు తిప్పి చేతికి పెట్టుకుంది. ఈసారి జారలేదు. మా కాలనీ చివర వేపచెట్టు కింద పుట్ట ఉంది. పాలు పోసేటప్పుడు తడుస్తుందని వాచీ తీసి నా చేతిలో పెట్టింది. ఒళ్లు వెచ్చగా ఉండి, పాము నా అరచేతిలో దానంతట అదే చుట్ట చుట్టుకుంది. సెకనుకు ఐదు టిక్కులు. నిలబడి లెక్కపెట్టాను.

బాపమ్మ వంకీ ఇప్పుడు అవుసలాయన దగ్గర ఉంది. పడగ మీద సొట్ట ఉంది, లోపల లక్క పగిలింది. లక్కను వేడి మీద తీసేసి, సొట్టను లోపలి నుంచి కొట్టి, మళ్లీ లక్క నింపాలి. బతుకమ్మ లోపు ఇస్తానన్నాడు. నేను మాత్రం దసరా దాటుతుందనే అనుకుంటున్నాను. నేను వంకీ ఇచ్చినప్పుడు కాకా దాన్ని నా ఎదురుగానే తూచి, నోటుబుక్కులో ‘వంకీ, 41 గ్రా. 200’ అని రాసి, పక్కన పెన్నుతో చిన్న పడగ బొమ్మ గీశాడు. ఆ పేజీ ఫోటో నా ఫోన్‌లో ఉంది.